కదలని పాత కారు: కారణమును వెదకు క్రమము



పంటలను గూర్చియు, ఎరువులను గూర్చియు, పరపతిని గూర్చియు ముచ్చటించు ఈ పత్రికయందు పాత మోటారుకారును గూర్చి పాఠము వ్రాయుట యేల యని కొందరు శంకింపవచ్చును. తండ్రులనాటి అంబాసిడరు కార్లును, జీపులును మన గ్రామములలో కొన్ని యిండ్లయందు ఇంకను నిలిచియున్నవి. అవి లేనివారి యింటను మందు చల్లు పవరు స్ప్రేయరో, గడ్డి కోయు యంత్రమో యుండును. వానియందలి చిన్న పెట్రోలు ఇంజనును, పాత కారు ఇంజనును ఒకే ధర్మముచేత నడచును. అవి కదలనప్పుడు కారణమును వెదకు క్రమము తెలియకపోవుటచేత రైతునకు రెండు నష్టములు కలుగుచున్నవి. మొదటిది ధననష్టము. రెండవది, అవసరసమయమున బండి అక్కఱకు రాకపోవుట. ఈ రెండవ నష్టమును రూపాయలలో లెక్కింప వీలులేదు.

1. ఒక అనుభవము

మా యింట మా తండ్రిగారి కాలపు అంబాసిడరు కారొకటి కలదు. ఒక వేసవిలో అది ఒక వింత జబ్బు పట్టెను. ఉదయమున చక్కగా కదలి, పది పండ్రెండు కిలోమీటర్లు పోయి, పిమ్మట దగ్గుచు ఆగిపోవును. అరగంట నిలిపిన మరల కదలును. మరల అంత దూరము పోయి ఆగును. పట్టణములో ఒక మిస్త్రీ పెట్రోలు పంపు చెడినదని దానిని మార్చెను. వేఱొకరు కార్బురేటరు మార్చిరి. మూడవవారు కాయిలు మార్చిరి. జబ్బు మాత్రము మారలేదు.

ఒకనాటి రాత్రి మా తల్లిగారికి ఆయాసము హెచ్చెను. ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా సగము త్రోవలో, చేల నడుమ, కారు ఆగిపోయెను. ఆమె వెనుక సీటునందు ఊపిరికై పెనుగులాడుచుండ, నేను బానెట్టు ఎత్తి చీకటిలో నిలుచుంటిని. ఏమి చూడవలెనో నాకు తెలియదు. దైవవశమున ఒక పాల వ్యాను వచ్చి ఆమెను చేర్చెను. ఆమె కోలుకొనెను. కాని ఆ అరగంటను నేను మఱవలేదు.

తరువాత తెలిసిన కారణమిది: ఆ వేసవికి ముందు పెట్రోలు టాంకి మూత పోయినందున, బజారులో తాళము గల క్రొత్త మూత కొంటిని. ఆ మూతకు గాలి పోవు రంధ్రము లేదు. పెట్రోలు తఱుగుకొలది టాంకిలోనికి గాలి చేరక, లోపల శూన్యమేర్పడి, పంపు ఎంత లాగినను పెట్రోలు వచ్చెడిది కాదు. కొబ్బరిబొండమునకు ఒకే కన్ను పొడిచి వంచిన నీరు ధారగా రాదు. రెండవ కన్ను పొడిచిన వచ్చును. ఇదియు అట్టిదే. ఆ రాత్రి నేను మూత విప్పియున్న యెడల క్షణములో కారు కదలియుండును. మూడు సామానులు మార్చితిమి. ఒక్క పరీక్షయు చేయలేదు.

ఈ పాఠమంతయు ఆ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమే యనుకొనుడు.

2. ఇంజనునకు కావలసినవి

అంబాసిడరు కారును హిందూస్థాన్ మోటార్సువారు పశ్చిమ వంగదేశమందలి ఉత్తరపారాలో 2014వ సంవత్సరము వరకు తయారుచేసిరి. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మాతృక. బహుకాలము దీనికి 1489 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను అమర్చబడెను. నేడు వచ్చు కార్లయందు ఇంధనమును కంప్యూటరు కొలిచి పోయుచుండును. పాత ఇంజనునందు అట్టిదేమియు లేదు. కంటితో చూచి, చేతితో తాకి తెలిసికొనదగిన భాగములే యున్నవి. ఇది మన అదృష్టము. ఇక్కడ చెప్పునది పెట్రోలు ఇంజనుకే. డీజిలు ఇంజనునందు నిప్పురవ్వ యుండదు గనుక దాని పరీక్షలు వేఱు.

పొయ్యి మండుటకు కట్టెలు, గాలి, నిప్పు కావలెను. ఇంజనునకును అంతే: తగినంత పెట్రోలు, తగినంత గాలి, తగిన సమయమునందు నిప్పురవ్వ. వీనితోపాటు సిలిండరులోని మిశ్రమమును అదుము ఒత్తిడియు కావలెను. నిన్నటివరకు చక్కగా నడచిన బండి నేడు కదలనిచో ఒత్తిడి ఒక్క రాత్రిలో పోవుట అరుదు. కావున పెట్రోలు లేదో, నిప్పురవ్వ లేదో మొదట తేల్చుకొనవలెను. ఈ రెంటిలో నేది యని తేలకుండ ఏ సామానును కొనరాదు.

3. మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుచున్నదా?

తాళము త్రిప్పగా సెల్ఫు మోటారు ఇంజనును చురుకుగా త్రిప్పవలెను. అట్లు త్రిప్పనిచో పెట్రోలును గూర్చి ఆలోచింప పనిలేదు. ముందు దీపములు వెలిగించి, ఒకరిని చూడుమని చెప్పి, సెల్ఫు త్రిప్పుడు.

దీపములు ఆరిపోవునంతగా మందగించినచో బ్యాటరీ బలహీనమైనది, లేక దాని కొనలయందు తెల్లని లేదా పచ్చని చిలుము పట్టినది. చిలుమును వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరనిచ్చి, గట్టిగా బిగించి, పైన వ్యాసిలీను పూయవలెను. తీగలు విప్పునప్పుడు చాసిస్సునకు కలిపిన తీగను ముందు విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. నిండుగా నున్న 12 వోల్టుల బ్యాటరీ, బండి నిలిచియున్నప్పుడు, సుమారు 12.6 వోల్టులు చూపును.

దీపములు ఏ మాత్రమును మందగింపక సెల్ఫు మూగగా నున్నచో లోపము స్విచ్చియందో, సెల్ఫు తీగయందో కలదు. దీపములు మందగించి, సెల్ఫు ఒక్కసారి టక్కుమని బిగిసిపోయినచో సెల్ఫు పండ్లచక్రము ఫ్లయివీలు పండ్లలో చిక్కుకొనియుండవచ్చును. అప్పుడు తాళము తీసివేసి, టాపు గేరులో నుంచి, బండిని ముందునకును వెనుకకును ఊపిన పలుమార్లు విడిపోవును.

ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుండును గనుక, దానిని చాసిస్సుతో కలుపు పట్టీతీగ యొకటి యుండును. అది త్రుప్పు పట్టి తెగినను సెల్ఫు మూలుగును. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు దీనిని చూడవలెను.

4. రెండవ ప్రశ్న: నిప్పురవ్వ కలదా?

పెట్రోలు గొట్టములు విప్పకమునుపే ఈ పరీక్ష చేయవలెను. పెట్రోలు ఒలికియున్న చోట ఎన్నడును చేయరాదు.

డిస్ట్రిబ్యూటరు మూత నడుమనుండి కాయిలునకు పోవు లావుతీగను మూతనుండి లాగి, రబ్బరు పిడి గల పటకారుతో పట్టుకొని, దాని కొనను ఇంజను ఇనుమునకు 6 మిల్లీమీటర్ల దూరమున నుంచి, వేఱొకరిచే సెల్ఫు త్రిప్పింపుడు. చిటపటమని నీలిరంగు రవ్వ దుమికినచో కాయిలు, పాయింట్లు, కండెన్సరు పనిచేయుచున్నవని అర్థము. రవ్వ పసుపుపచ్చగా, నీరసముగా నున్నను, అసలు లేకున్నను పాయింట్లను చూడవలెను.

పాయింట్లు మసిపట్టినచో సన్నని ఉప్పుకాగితముతో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. అవి పూర్తిగా తెఱచుకొన్నప్పుడు వాని నడుమ ఎడము అంబాసిడరు పెట్రోలు ఇంజనునకు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. ప్లగ్గుల ఎడము సుమారు 0.6 మిల్లీమీటర్లు. శుభ్రము చేసినను పాయింట్లు త్వరత్వరగా కాలిపోవుచుండినచో కండెన్సరును అనుమానింపవలెను.

కాయిలు తీగవద్ద రవ్వ బలముగా నుండి, ప్లగ్గువద్ద లేనిచో లోపము డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, ప్లగ్గు తీగలయందే యుండును. వానకాలమున మూతలోపల చెమ్మ చేరుట మిక్కిలి సామాన్యము. పొడిగుడ్డతో తుడిచిన చాలును. తీగలను విప్పినచో వరుస తప్పక పెట్టవలెను. ఈ ఇంజను మండు వరుస 1, 3, 4, 2.

ఇక ప్లగ్గు చెప్పు సాక్ష్యము వినుడు. కొంతసేపు సెల్ఫు త్రిప్పిన పిదప ప్లగ్గు విప్పి చూడుడు. ప్లగ్గు పెట్రోలుతో తడిసి, రవ్వ లేనిచో జబ్బు నిప్పుది. ప్లగ్గు ఎండియుండి, రవ్వ బలముగా నున్నచో జబ్బు పెట్రోలుది. ప్లగ్గు తడిసి రవ్వయు నున్నచో పెట్రోలు మితిమీరినది. చోకు లోపలికి నెట్టి, యాక్సిలేటరును పూర్తిగా త్రొక్కిపట్టి, మాటిమాటికి త్రొక్కక, సెల్ఫు త్రిప్పిన ఆరిపోయి కదలును.

5. మూడవ ప్రశ్న: పెట్రోలు ఎంతవరకు వచ్చుచున్నది?

చివరి మడికి నీరందనప్పుడు తెలివిగల రైతు చెఱువుకట్ట త్రవ్వడు. తూము మొదలుకొని కాలువ వెంబడి నడచి, నీరెంతవరకు వచ్చినదో, ఎచ్చట ఆగినదో చూచును. పెట్రోలు త్రోవయు అట్టిదే. టాంకి చెఱువు; గొట్టము కాలువ; పంపు ఏతము; కార్బురేటరు చివరి మడి.

టాంకి: మీటరు ముల్లును నమ్మక, మూత విప్పి, శుభ్రమైన పుల్లతో కొలిచి చూడుడు. మూత విప్పునప్పుడు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకొనినచో మూత రంధ్రము మూసికొనిపోయినదని తెలియవలెను.

పంపు పరీక్ష: ఇంజను చల్లగా నున్నప్పుడు, కార్బురేటరునకు చేరు గొట్టమును అచ్చట విప్పి, దాని కొనను సీసాలో నుంచుడు. నిప్పురవ్వ రాకుండుటకై కాయిలుకు పోవు సన్నతీగను తీసివేయుడు. అటుపిమ్మట సెల్ఫు త్రిప్పిన పెట్రోలు దూకుదూకుగా సీసాలో పడవలెను. అట్లు పడినచో చెఱువు నుండి మడిగట్టు వరకు త్రోవ బాగున్నది. లోపము కార్బురేటరులో కలదు. పడనిచో లోపము పంపునందో, దానికి వెనుకనో కలదు.

పంపునకు వెనుక: టాంకినుండి పంపునకు వచ్చు గొట్టమును పంపువద్ద విప్పి, టాంకి మూత తెఱచి, సైకిలు పంపుతో గాలి కొట్టుడు. టాంకిలో బుడబుడ శబ్దము సులువుగా వినవచ్చిన త్రోవ తెఱపిగా నున్నది. గాలి పోవుట కష్టమైనచో త్రుప్పుపొలుసులు అడ్డుపడినవి. ఇట్టి పొలుసులు గల బండి కొంతదూరము పోయి ఆగును. నిలిపినప్పుడు పొలుసులు అడుగునకు దిగి మరల త్రోవ యిచ్చును. టాంకిని దింపి కడిగింపక ఎన్ని పంపులు మార్చినను ఇది తీరదు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. పంపునకు ముందున్న గొట్టము పగిలిన పెట్రోలు కారి కంటబడును. పంపునకు వెనుకనున్న గొట్టము పగిలినచో, అక్కడ పంపు లాగుచుండును గనుక, పెట్రోలు కారకయే గాలి లోపలికి పోవచ్చును. చుక్కయైన కారలేదు గనుక గొట్టము బాగున్నదనుకొనుట పొరపాటు. రబ్బరు గొట్టమును వంచి చూచిన పగుళ్లు కనబడును.

పంపు: దీని లోపల డయాఫ్రమను పొర యొకటి క్రిందు మీదులాడుచు పెట్రోలును లాగును. అది చినిగినచో పెట్రోలు ఇంజనాయిలులోనికి దిగవచ్చును. ఆయిలు పుల్ల తీసి చూచినప్పుడు ఆయిలు మట్టము పెరిగి పెట్రోలు వాసన కొట్టినచో ఇంజనును నడుపరాదు. పంపును బాగుచేసి, ఆయిలు మార్చిన పిదపనే నడుపవలెను.

కార్బురేటరు: ఇందలి ఫ్లోటు తేలి, నీడిలును పైకి నెట్టి, పెట్రోలు చాలినప్పుడు ద్వారమును మూయును. నీడిలు అంటుకొనినచో పెట్రోలు రాదు. కఱ్ఱపిడితో గిన్నెను మెల్లగా తట్టిన విడివడును. నీడిలు అరిగినను, ఫ్లోటు చిల్లిపడినను పెట్రోలు పొంగి పొరలును. జెట్టు రంధ్రమును గాలితో ఊది శుభ్రపఱుపవలెను. తీగతో పొడిచిన రంధ్రము పెద్దదై పెట్రోలు ఖర్చు హెచ్చును.

6. దారిలో ఆగినప్పుడు: సాక్ష్యము చెడకమునుపే చూడుడు

బండి దారిలో ఆగి, అరగంటకు మరల కదలు జబ్బు అన్నిటికంటె కష్టమైనది. ఏలయన మిస్త్రీ వచ్చుసరికి జబ్బు ఉండదు. కావున జబ్బు ఉన్నప్పుడే, ఆగిన మొదటి అయిదు నిమిషములలోనే, ఈ మూడు పనులు వరుసగా చేయుడు.

మొదట టాంకి మూత విప్పి వెంటనే సెల్ఫు త్రిప్పుడు. కదలినచో లోపము మూతయే. కదలనిచో మూతను మరల పెట్టి, రెండవ పనిగా నిప్పురవ్వ చూడుడు. వేడిలో రవ్వ లేక, చల్లారినపిమ్మట వచ్చినచో కాయిలో కండెన్సరో వేడికి చెడుచున్నది. రవ్వ బాగున్నచో మూడవ పనిగా పెట్రోలు పంపునకును, దాని గొట్టమునకును తడిగుడ్డ చుట్టుడు. కొలది నిమిషములలో కదలినచో వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై త్రోవను అడ్డగించుచున్నదని తెలియును. అట్టిచో గొట్టమును పొగగొట్టమునకు దూరముగా జరపవలెను. కాలుచున్న పొగగొట్టముమీద చన్నీరు చల్లరాదు. పోత యినుము పగులును.

మఱియొక సూత్రము: జబ్బు మొదలగుటకు ముందు బండిలో ఏది మార్చితిరో దానినే ముందుగా అనుమానింపుడు. మా యింటి మూత ఇందుకు సాక్షి.

7. ఎథనాలు కలిసిన పెట్రోలు

మన దేశమున 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశము కూడ చేరిన 9 రాష్ట్రములలో, నూటికి 5 పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్ముట ఆరంభమయ్యెను. 2022లో అది దేశమున 10 పాళ్లకును, 2025లో 20 పాళ్లకును చేరెను. ఈ ఎథనాలు చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, బియ్యమునుండియు తీయబడుచున్నది. అనగా మన పంటయే. దానిని నిందించుట మనకు తగదు. కాని పాత బండి దానికొఱకు చేయబడలేదు గనుక బండినే దానికి తగినట్లు సరిచేసికొనవలెను.

ఎథనాలు తేమను పీల్చుకొనును. నెలల తరబడి నిలిచిన బండిలో తేమ హెచ్చినచో నీరును ఎథనాలును కలిసి వేఱుపడి టాంకి అడుగునకు దిగును. గొట్టము మొదట లాగునది ఆ అడుగునే. పాత రబ్బరు గొట్టములును, డయాఫ్రములును దీనికి మెత్తబడుటయో, పగులుటయో జరుగును. టాంకి గోడలకు ఏండ్ల తరబడి పట్టిన జిగట కరగివచ్చి జల్లెడలో చేరును. ఇంతేకాక 1 పాలు పెట్రోలు మండుటకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలసియుండగా ఎథనాలునకు 9 పాళ్లే చాలును. పాత జెట్టు ఉత్త పెట్రోలునకు కొలిచినది గనుక, కలిపిన పెట్రోలుతో ఇంజనునకు ఇంధనము కొంచెము తక్కువగా అందును. ఉదయము కదలుటకు మొండికేయుటయు, త్రొక్కినప్పుడు తడబడుటయు ఇందువలననే కలుగవచ్చును.

ఇందుకు చేయవలసినవి: గొట్టములను, డయాఫ్రమును ఎథనాలునకు తట్టుకొను రకమువానితో మార్చుట, జల్లెడను తఱచుగా కడుగుట, బండిని వారమునకొకసారి కొంతదూరము నడుపుట, నెలలకొలది నిలుపవలసినచో కార్బురేటరు గిన్నెను వట్టిదిగా చేయుట. స్ప్రేయరు ఇంజనునకును ఇదియే నియమము. మందు చల్లుట ముగిసినపిదప టాంకి ఖాళీచేసి, మిగిలినది మండి ఆగువరకు నడిపి, అటకమీద పెట్టవలెను.

8. చేయరాని పనులు

పెట్రోలు విప్పినచోట బీడీ, అగ్గిపుల్ల, దీపము ఉండరాదు. బ్యాటరీ వద్దను అంతే; ఛార్జి అగునప్పుడు దానినుండి మండు వాయువు వెలువడును. కార్బురేటరు నోట పెట్రోలు పోయుచు సెల్ఫు త్రిప్పుట మిక్కిలి ప్రమాదము; మంట ఎదురు తన్నును. గొట్టమును నోటితో పీల్చరాదు. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగలోని విషవాయువునకు రంగును వాసనయు లేవు. హ్యాండిలుతో త్రిప్పు బండ్లయందు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లతో ఒకే వైపున నుంచి పట్టవలెను. హ్యాండిలు ఎదురు తిరిగినచో చుట్టిపట్టిన బొటనవ్రేలు విఱుగును. సమీపమున ఇసుక బక్కెటొకటి యుండవలెను.

9. ముగింపు

సోదరులారా! ఈ పరీక్షలకు కావలసినది ఒక సీసా, ఒక సైకిలు పంపు, ఒక ప్లగ్గు పానా, ఒక పటకారు, ఎడము కొలుచు రేకులు, ఒక టార్చిలైటు. ఇవి బండిలో నుండవలెను. వీనితోపాటు చిన్న పుస్తకమొకటి యుంచి, ఏ దినమున ఏమి మార్చితిరో, ఏ లక్షణము కనబడెనో వ్రాసికొనుడు. మిస్త్రీ వద్దకు పోవలసి వచ్చినను చింతలేదు. “బండి కదలుటలేదు” అనుటకు మారుగా “రవ్వ బాగున్నది, సీసాలో పెట్రోలు పడుటలేదు” అని చెప్పగలిగినచో సగము పని అయినట్లే. అక్కఱలేని సామాను మీకు అంటగట్టుటకును అవకాశముండదు.

ఈ పరీక్షలను పగటివేళ, బండి బాగున్నప్పుడు, ఒక్కమారు చేసి చూచుకొనుడు. చీకటిలో, ఆపదలో, చేతికి తోచునది ముందు నేర్చినదే.

పాఠ ప్రశ్నలు

1. ప్లగ్గు ఎండియుండి రవ్వ బలముగా నున్నచో లోపము ఏ వైపున నున్నది?
2. పంపునకు వెనుకనున్న గొట్టము పగిలినను పెట్రోలు కారకపోవుటకు కారణమేమి?
3. దారిలో ఆగిన బండిని చల్లారకమునుపే పరీక్షింపవలెననుట యేల?
4. మీ యింటి స్ప్రేయరు ఇంజను కదలనిచో మొదట ఏ రెండు పరీక్షలు చేయుదురు?